ఇల్లు ఇచ్చేశామండీ

మా మాస్టారు పత్రికలకు రాసే ఉత్తరాలకు అమృతలూరులో మంచి పేరుంది. కాలవలో గుర్రపుడెక్క తీయలేదంటే ఉత్తరం. తెనాలి బస్సు ఒక ట్రిప్పు ఎగ్గొడితే ఉత్తరం. మినుముకు ధర రాకపోతే రెండు ఉత్తరాలు. 2022 ఏప్రిల్‌లో మమ్మల్ని గుంటూరు జిల్లాలోంచి తీసి బాపట్ల జిల్లాలో కలిపినప్పుడు ఆయన రాసినదాన్ని బాక్సు కట్టి మరీ వేశారు. ఉత్తరం పడింది, జిల్లా మారడం మాత్రం ఆగలేదు.

హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన మనిషి. వాక్యం గట్టిగా ఉంటుంది. మొదటి పేరాలో ‘అన్యాయం’, చివరి పేరాలో ‘ఇకనైనా’ తప్పనిసరి. మధ్యలో చరిత్రలోంచి ఒక ఉదాహరణ పడాల్సిందే.

రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో తెనాలి గంగానమ్మపేటలో ఒక డాబా ఇల్లు కొన్నారు. కింద ఒక పోర్షను, పైన ఒక పోర్షను. కింద బ్యాంకులో పనిచేసే కుటుంబం మొదట్నుంచీ ఉంది. పైన ఉన్నవాళ్ళకి బదిలీ అయి జూన్‌లో ఖాళీ చేశారు. గేటుకి టులెట్ బోర్డు, బోర్డు మీద మాస్టారి ఫోన్ నంబరు, తాళం కిందవాళ్ళ దగ్గర. ఇల్లు చూపించడం వాళ్ళ వంతు, ఇవ్వడమో మానడమో మాస్టారి వంతు. ఆ పని ఆయన అమృతలూరులో ఇంటి అరుగు మీద కూర్చునే చేసేవారు. సాయంత్రం పూట నేనూ అక్కడే చేరతాను కాబట్టి ఇవతలి సగం మాటలు నా చెవిన పడుతుండేవి.

“ఏ ఊరు బాబూ మనది? ఆహా. అక్కడ ఎవరి తాలూకు? ఇంటిపేరు?”

ఇంటిపేరుతోనే తేలిపోతే సరే. ఒక్కోసారి తేలదు, ఒకే ఇంటిపేరు రెండు మూడు రకాలవాళ్ళకి ఉంటుంది గదా. అప్పుడు ఇంకో ప్రశ్న వచ్చేది. “ఆదివారాలు ఇంట్లోనే ఉంటారా, ప్రార్థనకి వెళ్తారా?” ఇది ఎంత మర్యాదగా అడిగేవారంటే, అవతలివాళ్ళ వీలు కనుక్కుని భోజనానికి పిలవబోతున్నారేమో అనిపించేది. కులం అన్న మాట ఆయన నోట ఒక్కసారి కూడా రాలేదు. రాదు. రాజ్యాంగం పదిహేడో అధికరణం ఏళ్ళ తరబడి పిల్లల చేత బట్టీ పట్టించిన మనిషి.

తిండి సంగతి కూడా కనుక్కునేవారు. “నీచు వండుతారా?” అని. మాస్టారింట్లో ఆదివారం కోడికూర తప్పదు. అదే మాట ఒకసారి అంటే, “మేమూ తింటామయ్యా. అన్నీ తినం గదా” అన్నారు.

జవాబులు కుదరకపోతే ముగింపు ఎప్పుడూ ఒకటే. “అయ్యో, ఇప్పుడే మా ఆవిడ చెప్తంది, వాళ్ళ తమ్ముడి వాళ్ళకి మాటిచ్చేసిందంట. ఇల్లు ఇచ్చేశామండీ. ఏమీ అనుకోకండి.” మాస్టారి భార్యకి తమ్ముడు లేడు. అన్నగారున్నారు, ఆయనకి రేపల్లెలో సొంతిల్లుంది.

ఆ బోర్డు అట్లా వేలాడుతుండగానే, 2025 ఆగస్టు చివర్లో, ఆయన ఒక్కగానొక్క కొడుకు చదువుకి డబ్లిన్ వెళ్ళాడు. డేటా ఎనలిటిక్స్‌లో ఎమ్మెస్సీ, ఏడాది కోర్సు. బ్యాంకు అప్పు చాలక యేలవర్రు దారిలో ఉన్న అరెకరం అమ్మారు. వెళ్ళబోయే ముందు ఇంట్లో ఒక పెద్ద గొడవ జరిగింది. జులైలో డబ్లిన్ శివార్లలోని టాలాలో ఒక భారతీయుణ్ణి గుంపుగా పట్టుకుని కొట్టారు. ఆగస్టు ఒకటిన అక్కడి మన ఎంబసీ, భారతీయులు జాగ్రత్తగా ఉండండి, ఒంటరిగా చీకటిపడ్డాక మనుషులు తిరగని చోట్లకి పోకండి అని ప్రకటన ఇచ్చింది. అది టీవీలో చూసి వాళ్ళమ్మ పోవద్దని కూర్చుంది. ఫీజు కట్టేశారు, అరెకరం పోయింది. ఇంక ఆగేదేముంది? కందిపొడి, గోంగూర పచ్చడి, ప్రెషర్ కుక్కరు సర్దుకుని కుర్రాడు విమానమెక్కాడు.

సీటొచ్చింది, వీసా వచ్చింది, ఇంక ఇల్లెంతసేపు అనుకున్నారు మాస్టారు. టులెట్ బోర్డుకి ఇవతలి పక్క నిలబడ్డ మనిషికి ఇల్లు దొరకడం కష్టమని ఎట్టా తోస్తుంది?

దిగిన రాత్రి నుంచి కుర్రాడు టూరిస్టులు దిగే హాస్టల్లో ఉన్నాడు. గదిలో ఎనిమిది మంచాలు, ఒకదాని మీద ఒకటి. వాడిది పైది. రోజు లెక్కన డబ్బులు. మనకి రాత్రి పదైతే వాళ్ళకి సాయంత్రం ఐదున్నర. ఆ వేళకి వీడియో కాల్ వచ్చేది. వెనకాల ఎవరిదో తడి తువ్వాలు వేలాడుతుండేది. అరుగు మీద నేనుంటే నాకూ చూపించేవారు.

వాడు చెప్పే లెక్కలు మాకు మొదట అర్థమయ్యేవి కావు. ఒక గదికి నెలకి ఎనిమిది వందల నుంచి తొమ్మిది వందల యూరోలంట. యూరో అప్పటికే వంద రూపాయలు దాటింది. అంటే గంగానమ్మపేట పై పోర్షను, రెండు పడకగదులు, హాలు, వరండా మొత్తం కలిపి పది నెలలకి వచ్చే అద్దె, అక్కడ మంచం పట్టే గదికి ఒక్క నెలలో పోద్ది. చట్టం మాత్రం మంచిదే. ఒక నెల డిపాజిట్టు, ఒక నెల ముందస్తు అద్దె, అంతకు మించి అడగకూడదని 2021 నుంచి రూలుంది. అడిగేదాకా వస్తే గదా!

మాస్టారు సోషల్ చెప్పిన మనిషి కాబట్టి దీని వెనకాల కారణం కూడా తవ్వి తీశారు. ఐర్లండులో 2008 నాటికి రియల్ ఎస్టేటు ఉబ్బిపోయి పగిలింది. బ్యాంకులు మునిగాయి, మేస్త్రీలు వేరే దేశాలకి పోయారు, ఏళ్ళ తరబడి కొత్త ఇళ్ళు కట్టేవాళ్ళు లేకపోయారు. ఆ తర్వాత కంప్యూటర్ కంపెనీలొచ్చాయి, జనమొచ్చారు, చదువుకునేవాళ్ళొచ్చారు. ఇళ్ళు మాత్రం రాలేదు. ఇదంతా అరుగు మీద పాఠం చెప్పినట్టు చెప్పి, “కాబట్టి కొరత వేరు, కొరతలో జరిగే అన్యాయం వేరు” అని తేల్చారు. నిజమే చెప్పారు.

డాఫ్ట్ అని అక్కడ ఇళ్ళ సైటొకటి ఉంది. ప్రకటన పడ్డ గంటలోపే వందల మంది మెసేజీలు పెడతారంట. ఇల్లు చూసుకోవడానికి రమ్మన్న రోజున వీధి మలుపుదాకా వరస. చేతుల్లో ఫైళ్ళు, ఇంతకుముందున్న ఇంటి ఓనరు ఇచ్చిన మంచి నడవడిక ఉత్తరం, ఉద్యోగం కాగితం, బ్యాంకు స్టేట్‌మెంటు. కొత్తగా దిగినవాడికి ఇంతకుముందు ఓనరెక్కడుంటాడు? బ్యాంకు ఖాతా తెరవాలంటే చిరునామా కావాలి. పార్ట్‌టైం పనికి పీపీఎస్ నంబరు తీసుకోవాలి, దానికీ చిరునామా రుజువు కావాలి. చిరునామా కావాలంటే ఇల్లు దొరకాలి. ఇల్లిచ్చేవాడు బ్యాంకు స్టేట్‌మెంటు చూపించమంటాడు. కుర్రాడు ఇదంతా చెప్పి నవ్వాడు. వాళ్ళమ్మ నవ్వలేదు.

డిగ్స్ అని ఇంకో పద్ధతి. ఓనరు తనుండే ఇంట్లోనే ఒక గది స్టూడెంటుకి ఇస్తాడు. అట్లా ఇచ్చినవాళ్ళకి ఏడాదికి 14,000 యూరోల దాకా పన్ను ఉండదని ప్రభుత్వం ఆశ పెట్టింది. అందులో కొన్ని సోమవారం నుంచి శుక్రవారం దాకానే. శని ఆదివారాలు పిల్లలు వాళ్ళ ఊరికి పోవాలి. ఐర్లండు పిల్లలకి బానే ఉంటుంది, రైలెక్కితే అమ్మానాన్నల దగ్గరుంటారు. మావాడు శుక్రవారం సాయంత్రం అమృతలూరు ఎట్టా వస్తాడు? అట్లాంటి గది ఒకటి దొరికేట్టు ఉందని వాడంటే, “మరి ఆ రెండు రాత్రులూ?” అని అడిగారు మాస్టారు. “లైబ్రరీ ఉందిలే నాన్నా” అన్నాడు వాడు. ఆ గదీ దొరకలేదనుకోండి.

అసలు కథ ఇక్కడ మొదలైంది. ఎందుకు దొరకలేదో వాడు రోజుకొకటి చెప్పేవాడు. మాస్టారు ఆ కారణాలన్నీ తేదీలతో సహా పొడుగాటి నోటుబుక్కులో ఎర్ర సిరాతో రాసుకోవడం మొదలుపెట్టారు. ఉత్తరానికి సరుకు తయారవుతోందని నాకు అప్పుడే తెలిసింది.

మెసేజీలో ‘రేపొచ్చి చూసుకో’ అంటారంట. పేరు చెప్పగానే ఇల్లు నిండిపోద్దంట. ఒకామె వీణ్ణి ఏ ఊరని అడిగి, వీడు ఇప్పుడుంటున్న పేట పేరు చెప్తే, “అది కాదు, అసలు నువ్వెక్కడివాడివి?” అందంట. ఒకాయన వంటేం చేస్తావని అడిగి, మీ కూరల వాసన గోడలకి పడితే పోదన్నాడంట. ఇంకొకాయన తనకేం అభ్యంతరం లేదన్నాడు, పక్కింటివాళ్ళు ఏమనుకుంటారోనని వెనకాడాడు. ఒకామె తన అక్క కొడుక్కి ఇచ్చేశానన్నది. వారం తర్వాత చూసినా సైటులో ఆ ప్రకటన అట్లాగే ఉంది.

“అక్క కొడుకంట!” అని మాస్టారు ఎర్ర గీత కింద ఇంకో ఎర్ర గీత గీశారు. “ఇల్లివ్వడం ఇష్టం లేకపోతే లేదని చెప్పు. మధ్యలో లేని చుట్టాల్ని పుట్టించడమెందుకయ్యా?”

ఆయనకి మరీ మండింది ఎక్కడంటే, ఐరిష్ వాళ్ళు పడనిది కాదు ఇది. లండన్లో 1950ల్లో కూలిపనికి పోయిన ఐరిష్ వాళ్ళకి ఇళ్ళిచ్చేవాళ్ళు కాదు. నల్లవాళ్ళూ ఐరిష్ వాళ్ళూ రావద్దని కిటికీల్లో అట్టలు పెట్టేవాళ్ళని ఆ తరంవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. పుట్టుక చూసి ఇల్లు కాదనకూడదని బ్రిటన్ చట్టం చేసేసరికి 1968 వచ్చింది. ఐర్లండు కూడా 2000లో తన చట్టం తను చేసుకుంది, జాతి, రంగు, మతం చూడకూడదని. అయితే తనుండే ఇంట్లో గది ఇచ్చేవాడికి అందులో ఒక సందు వదిలిపెట్టింది. “తాము పడ్డది తామే మర్చిపోతే ఎట్టా!” అన్నారు మాస్టారు. గొంతు కొంచెం వణికింది కూడా.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం, కుర్రాడు పెందలాడే ఫోన్ చేస్తే మాట్లాడి పెట్టారో లేదో, గంగానమ్మపేట ఇంటి గురించి ఫోనొచ్చింది.

“ఆఁ, ఇల్లు చూశారా? నచ్చిందా, సంతోషం. అవునవును, టోకెను వచ్చింది, చూశా. వెయ్యి. కిందవాళ్ళు పంపమన్నారా, మంచిది. ఏ ఊరు బాబూ మనది? మోపర్రా! మా పక్కనే. అక్కడ ఎవరి తాలూకు? ఊఁ. ఇంటిపేరు? ఊఁ. పనేంటి? సొంత షాపా, మంచిదే. అవును, బడి దగ్గరే, పాప నడిచి పోవచ్చు. మరి ఆదివారాలు?”

తర్వాత కాసేపు అవతలివాళ్ళే మాట్లాడారు. మాస్టారు ఊఁ కొట్టడం మానేశారు.

“అయ్యో, ఇప్పుడే మా ఆవిడ చెప్తంది...”

లోపల ఆమె పప్పు రుబ్బుతోంది. మిక్సీ చప్పుడులో ఆమెకి ఫోనొచ్చిన సంగతే తెలీదు.

ఫోను పెట్టేసి, అప్పటికప్పుడే ఆ వెయ్యి తిప్పి పంపేశారు. పంపినట్టు పచ్చ టిక్కు పడేదాకా చూసి జేబులో పెట్టుకున్నారు. డబ్బు దగ్గర మాస్టారు నిక్కచ్చి, ఒక్క పూట కూడా పరాయి సొమ్ము ఉంచుకోరు.

“మంచి కుటుంబంలాగే ఉంది గదా మాస్టారూ” అన్నాను.

“మంచోళ్ళేనయ్యా, కాదని ఎవరన్నారు? కిందవాళ్ళు ఏమన్నా అనుకుంటారని.”

“అన్నారా?”

“అనేదాకా తెచ్చుకోవడమెందుకు?”

తర్వాత కొద్దిరోజులకి డబ్లిన్లో కుర్రాడికి ఇల్లు దొరికినంత పనయింది. ఫోన్లోనే మాటలైపోయాయి. ఓనరు పెద్దమనిషిలాగే మాట్లాడాడు. డిపాజిట్టు పంపించుకున్నాడు, శనివారం పొద్దున్న దిగమన్నాడు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో లేని ఇళ్ళకి అడ్వాన్సులు గుంజే దొంగలుంటారని అక్కడి పోలీసులు ఏటా హెచ్చరిస్తుంటారు కాబట్టి వీడు భయపడుతూనే పోయాడు. ఇల్లుంది. దొంగ కాదు. రెండు పెట్టెలూ, కుక్కరున్న సంచీ లాక్కుంటూ పోయి బెల్లు కొట్టాడు. ఆయన తలుపు తీశాడు, మనిషిని పైనుంచి కిందకి చూశాడు, లోపలికి పోయి వచ్చాడు. “సారీ, మా ఆవిడ వేరేవాళ్ళకి మాటిచ్చేసిందంట, నాకిప్పుడే చెప్పింది” అన్నాడు. వీడు వీధి మలుపు తిరిగేలోపే డిపాజిట్టు వెనక్కి వచ్చేసింది.

ఆ రాత్రి మాస్టారు అన్నం తినలేదు. “డబ్బు వెనక్కి పంపితే పెద్దమనిషైపోతాడా? మనిషిని గుమ్మంలోంచి వెనక్కి పంపి!” అన్నారు. నేనేమీ అనలేదు. ఆ సమయంలో అనకూడదు కూడా.

మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి, “తెనాలి పోదాం, రా” అన్నారు.

ఈ ఉత్తరం చేత్తో రాసి పంపేది కాదట. పత్రికకి ఒకటి, డబ్లిన్లో మన ఎంబసీకి ఒకటి, ప్రవాసాంధ్రుల కోసమున్న ఏపీఎన్నార్టీ సొసైటీకి ఒకటి, ఎంపీ గారికి ఒకటి. శుభ్రంగా టైపు చేయించాలి. ఎంబసీకి తెలుగులో ఎందుకు మాస్టారూ అంటే, “అంత ఎంబసీలో తెలుగొచ్చినవాడు ఒక్కడన్నా ఉండడా?” అన్నారు. ఎప్పుడూ చేయించే షాపు ఆ రోజు మూసి ఉంది. బోసు రోడ్డు వెంబడి వెతుక్కుంటూ పోయి, మెట్ల కింద ఉన్న చిన్న డీటీపీ సెంటర్లో దూరాం. రెండు కంప్యూటర్లు, ఒక జెరాక్సు మిషను, గోడ మీద పెళ్ళికార్డుల నమూనాలు. ముప్ఫయ్యేళ్ళలోపు కుర్రాడు. అనూ ఫాంట్లు, పాత పేజ్‌మేకరు. కొడుకు సంగతి చెప్పి, మాస్టారు నోటుబుక్కు తెరిచి చదువుతుంటే, ఆయన వాక్యం ముగిసేసరికి వాడి వేళ్ళూ ఆగేవి. అంత వేగం.

“అయ్యా! డబ్లిన్ నగరంలో అద్దె ఇళ్ళ విషయంలో జరుగుతున్న ఘోర అన్యాయాన్ని తమ దృష్టికి తెస్తున్నాను. డబ్లిన్‌లో ఇల్లు అద్దెకిచ్చేవారు మనిషి గుణం చూడరు, పుట్టుక చూస్తారు. ముందు ఊరడుగుతారు, తర్వాత పేరడుగుతారు, వాటిని బట్టి మనిషిని అంచనా కడతారు. అసలు కారణం మాత్రం పొరపాటున కూడా నోట రానివ్వరు. ఎదుటివారు వండుకునే తిండిని బట్టి వారి స్థాయి నిర్ణయిస్తారు. పొరుగువారు ఏమనుకుంటారోనన్న వంకతో తమ మనసులో మాటను పొరుగువారి మీదికి నెడతారు. ఇల్లు ఖాళీగా ఉండగానే, బోర్డు వేలాడుతుండగానే, ఇచ్చేశామంటారు. లేని బంధువులను సృష్టిస్తారు. ఇంట్లో ఆడవారి పేరు అడ్డం పెట్టుకుంటారు. తీసుకున్న అడ్వాన్సు తిప్పి పంపి, తామేదో ధర్మం పాటించామనుకుంటారు. చదువుకున్నవారే ఈ పని చేయడం డబ్లిన్ నగరానికి మరింత సిగ్గుచేటు.”

కుర్రాడు ఆగి మాస్టారి వైపు చూశాడు. “బాగా రాశారండీ” అన్నాడు. ముఖస్తుతి కాదు, వాడి కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనయింది. “బాబు ఇప్పుడెక్కడుంటన్నాడండీ?”

“హాస్టల్లోనే. ఎనిమిది మంచాల గదిలో.”

“పెట్టెలు ఎక్కడ పెట్టుకుంటాడండీ?”

అది మాస్టారికీ తెలీదు. కొడుకుని అడగలేదు.

చరిత్రలోంచి పడాల్సిన ఉదాహరణ పడింది. 1893లో గాంధీ గారు జొహానెస్‌బర్గులో హోటలుకి పోతే, మేనేజరు ఆయన్ని ఒక్కసారి ఎగాదిగా చూసి, గదులన్నీ నిండిపోయాయని పంపించేశాడు. ఆ తర్వాత లండన్లో ఐరిష్ వాళ్ళ సంగతి కూడా వేయించారు.

“మాస్టారండీ, బరోడా కూడా వేద్దామా?” అన్నాడు కుర్రాడు, కీబోర్డు మీద చేతులు తీయకుండానే.

“బరోడా ఏంది?”

“అంబేద్కర్ గారండీ. బరోడా రాజు గారి స్కాలర్‌షిప్పుతో 1913లో అమెరికా పోయారు గదా. న్యూయార్కులో ఉండడానికి గది దొరికింది, చదువైంది. 1917లో బరోడాకి ఉద్యోగానికొస్తే ఊళ్ళో ఎవరూ ఇల్లివ్వలేదండీ. పార్సీ పేరు చెప్పుకుని పార్సీల సత్రంలో ఉంటే, తెలిసిపోయి కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. పార్కులో కూర్చుని, రాత్రి బొంబాయి రైలెక్కారు. విదేశంలో చదివినవాడి సంగతే గదా, దీనికి సరిగ్గా సరిపోద్ది.”

మాస్టారు కాసేపు ఆలోచించారు. “అది మన దేశంలో జరిగింది గదయ్యా. ఇది విదేశాల గురించి. అయినా అవన్నీ ఎప్పటివో, ఇప్పుడు మన దగ్గరెక్కడున్నాయి?”

చుండూరు మాకు పక్క మండలమే. 1991 ఆగస్టులో అక్కడ జరిగిన దళితుల ఊచకోత మాస్టారికి తెలియంది కాదు. కుర్రాడు కూడా ఆ పేరెత్తలేదు. “సరేనండీ, మీ ఇష్టం” అని కింది లైనుకి పోయాడు.

‘ఇకనైనా’ పేరా వచ్చింది. ఇకనైనా ప్రభుత్వాలు మేలుకోవాలి, ఇకనైనా మనుషులను మనుషులుగా చూడాలి. చివర మాస్టారి పేరు, ఆ కింద విశ్రాంత ఉపాధ్యాయులు, అమృతలూరు, బాపట్ల జిల్లా.

“ఫోన్ నంబరు కూడా వెయ్యి. ఎంబసీ వాళ్ళు చేస్తారేమో” అని నంబరు చెప్పారు.

సగంలో కుర్రాడి వేళ్ళు ఆగాయి. ఇంతసేపట్లో ఆయన చెప్తుండగా అవి ఆగడం అదే మొదలు.

“నంబరు ఇంకోసారి చెప్పండి మాస్టారూ.”

చెప్పారు. వాడు ఒక్కొక్క అంకే కొట్టాడు. కొట్టి, తెర వైపే చూస్తూ కొంచెంసేపు కూర్చున్నాడు. తప్పులు దిద్దుతున్నాడనుకున్నాను. ప్రింటరు నాలుగు కాపీలు వదిలింది. వాడు మళ్ళీ ఏదో నొక్కాడు, ఇంకొకటి కూడా వచ్చింది. నాలుగింటినీ అంచులు కలిపి, పిన్ను కొట్టి, కవర్లో పెట్టి ఇచ్చాడు. అయిదోది బల్ల మీదే ఉంది, బోర్లా.

“ఎంతయింది?”

“ఏం వద్దులెండి.”

“ఊరికే చేయించుకునే అలవాటు నాకు లేదబ్బాయ్. చెప్పు.”

“ఎనభై ఇవ్వండి.”

అద్దానికి అంటించిన క్యూఆర్ స్టిక్కరు వెలిసిపోయి మాస్టారి ఫోను దాన్ని పట్టలేకపోయింది. “నీ నంబరు చెప్పు, దానికే కొడతా” అన్నారు. కుర్రాడు చెప్పాడు. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని ఒక్కొక్కటే నొక్కారు. ఆఖరి అంకె నొక్కగానే తెర మీద ఒక పేరొచ్చింది, దాని కింద పాత లెక్క కూడా. వచ్చినది వెయ్యి రూపాయలు. పంపినది వెయ్యి రూపాయలు. రెంటికీ ఒకటే తేదీ, మధ్యలో గంట కూడా తేడా లేదు.

పక్కనే నిలబడ్డాను కాబట్టి నేనూ చూశాను. మాస్టారి బొటనవేలు ఎనభై కొట్టకుండా అక్కడే ఉండిపోయింది.

“ఇల్లు ఇచ్చేశారంట గదండీ” అన్నాడు కుర్రాడు. గొంతులో కోపమేం లేదు. బల్ల మీద బోర్లా ఉన్న కాగితాన్ని ఇటు తిప్పాడు. “అందుకని మీ ఉత్తరం ఒక కాపీ నేనూ తీసుకున్నా. డబ్లిన్ అని ఉన్నచోటల్లా తెనాలి అని మార్చా, ఒక్క నొక్కుకే అయిపోయింది. మిగతాదంతా మీరు చెప్పిందే, ఒక్క ముక్క కూడా దిద్దాల్సిన పని పడలేదు. సంతకం ఒక్కటి నాది పెట్టుకుంటా.”